ఏడీహెచ్‌డీ వంశంలోంచి వస్తుందా, పెంపకం వల్ల వస్తుందా?

చెల్లీ, బాబుకి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేకపోయే సమస్య) అని డాక్టరు చెప్పిన కాణ్ణుంచి అత్తింట్లో అందరూ ఫోన్ ఇచ్చి నువ్వే పాడుచేశావంటున్నారని రాశావు, నిజంగా పెంపకం వల్లేనా, వంశంలోంచి వచ్చిందైతే చిన్నపాపకి కూడా వస్తుందా అని అడిగావు. మాది పలాస. మా పెద్దోడికి చిన్న క్లాసుల్లోనే ఇదే చెప్పారు, ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ పెంపకం మాట మనసులోంచి తీసెయ్. కవల పిల్లల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ఈ విషయంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో సుమారు 74 శాతం జన్యువుల వల్లేనని తేలింది, అంటే దగ్గరదగ్గర ఎత్తు పొడుగు వచ్చినట్టే అనుకో. అలాగని ఏదో ఒక్క జన్యువు పాడైపోయిందని కాదు. 2019లో ఏడీహెచ్‌డీ ఉన్న ఇరవై వేల మందికి పైగా డీఎన్‌ఏ చూస్తే 12 చోట్ల తేడాలు దొరికాయి, 2023 నాటికి అవి 27 అయ్యాయి, ఒక్కోదాని ప్రభావం చాలా చిన్నది, అలాంటివి బోలెడు కలిస్తేనే ఇది. అందుకే రక్తం తీసి ఇది ఉందో లేదో చెప్పే పరీక్ష లేదు, ఎవరైనా జీన్ టెస్ట్ చేస్తామని డబ్బులడిగితే ఇవ్వకు.

విశాఖలో మేం చూపించిన డాక్టరమ్మ మావాడి సంగతి అడక్కముందే మా ఆయన్ని అడిగారు, చిన్నప్పుడు మీరెలా ఉండేవారండీ అని. ఆయన నోరు తెరిచేలోపే మా అత్త అందుకుంది, "ఓలమ్మా, ఈడా, బడికెల్లి పలక తిరిగి తెచ్చిన రోజు నేదు, కంచం ముందు కూకుంటే సగం తిని లెగిసిపోయీవోడు, ఆళ్ల నాన్నా అంతే" అని నవ్వుకుంటూ చెప్పుకుపోతోంది, డాక్టరమ్మ అన్నీ రాసుకుంటున్నారు, ఇటు చూస్తే మా ఆయన కాలు ఊపుతూ బండి తాళాలు తిప్పుతున్నారు, పక్క కుర్చీలో గుంటడిదీ అదే కాలు ఊపుడు. ఆ తర్వాత మా ఇంట్లో పెంపకం అన్న మాట ఎత్తినోళ్లు లేరు. కానీ నువ్వు మాత్రం ఇప్పుడు తిరగబడి మీ వంశం వల్లే అనకు, రెండువైపుల నుంచీ రావచ్చు, ఎవరూ కావాలని ఇచ్చింది కాదు.

మెదడు సంగతి కూడా చెప్తాను, ఇది తెలిశాకే వాడిమీద నా కోపం తగ్గింది. ఆగు, ఆలోచించు అని చెప్పే పని నుదుటి వెనక భాగానిది, అది లోపలి భాగాలతో కలిసి పనిచెయ్యడానికి డోపమైన్ లాంటి రసాయనాలు కావాలి, వీళ్లలో అక్కడే తేడా. 2007లో అమెరికాలో స్కాన్లు తీసి చూస్తే మెదడు పైపొర ఎదుగుదల వీళ్లలో సగటున మూడేళ్లు ఆలస్యంగా ఉందట, ముఖ్యంగా ఆ ముందు భాగంలో. ఇంకోటి, చేస్తున్న పనిని సైగ ఇవ్వగానే ఆపాలి అనే ఆట స్కానర్‌లో ఆడించి చూస్తే, ఏడీహెచ్‌డీ లేని తోబుట్టువుల్లో కూడా మెదడులో కొన్ని భాగాల పనితీరు, ఇది ఉన్నవాళ్లకీ మామూలు పిల్లలకీ మధ్యలో ఉంది. అంటే ఆ ఛాయ ఇంట్లో అందరిలో కొంచెం కొంచెం ఉండొచ్చు, జబ్బు మాత్రం అందరికీ రాదు. ఇవన్నీ గుంపుల సగటు లెక్కలు, నీ బాబుకి స్కాన్ తీయిస్తే ఏమీ తేలదు.

జన్యువుల వల్ల వచ్చిందంటే ఇంక మందు పనిచెయ్యదేమో అని భయపడకు, దీనికి వాడే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు పనిచేసేది సరిగ్గా ఆ డోపమైన్ మీదే, డాక్టరు రాస్తే వాడు, ఆకలి, నిద్ర, బరువు గమనిస్తూ ఉండు. ఇంట్లో మనం చేసేదానికీ విలువుంది, ఒకేసారి నాలుగు పనులు చెప్పకుండా ఒకటి చెప్పి అయ్యాక ఇంకోటి చెప్పడం, రోజూ ఒకే వేళకి నిద్ర. తండ్రికీ ఇదే ఉంటే ఆ టైమ్ పాటించడం ఆయనకే కష్టం, మా ఆయన కూడా చూపించుకున్నాక ఇల్లు చాలా కుదుటపడింది.

పాప సంగతికొస్తే, తోబుట్టువుకి ఉంటే మిగతా పిల్లలకంటే అవకాశం చాలా రెట్లు ఎక్కువే, రాకపోయే అవకాశం కూడా బాగానే ఉంది. ఆడపిల్లల్లో గెంతులాట తక్కువ, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు, టీచర్లు బుద్ధిమంతురాలనుకుని వదిలేస్తారు. బడిలోనూ ఇంట్లోనూ రెండుచోట్లా ఆరు నెలలకి పైగా అలాగే ఉంటే అప్పుడు చూపించు. అంతవరకు దాన్ని అన్నతో పోల్చి ఎవర్నీ ఒక్క మాట అననివ్వకు. అత్తింటివాళ్లతో నీకు మరీ బరువుగా ఉంటే మనసు బాగోనప్పుడు మాట్లాడే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి చెయ్, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ ఉండవు.