అడ్వాన్స్ ఇచ్చే ముందు

బిడ్డా,

హన్మకొండలో నీకు ఉద్యోగం వచ్చిందని మీ బాపు చెప్పగానే కడుపు నిండినట్టయింది. నయీంనగర్‌లో కింది పోర్షన్ చూశావట, కిరాయి కూడా తక్కువేనట. అడ్వాన్స్ ఇచ్చే ముందు పక్కింటివాళ్లను ఒక్క మాట అడుగు: 2020లో, 2023లో వానలకు నీళ్లు ఎంతవరకు వచ్చాయని. ఆ రెండుసార్లూ నయీంనగర్‌లోకి వరద వచ్చింది. ఓనర్ చెప్పకపోయినా పక్కింటమ్మ చెప్తుంది.

ఇల్లు నచ్చితే అగ్రిమెంట్ రాయించుకో. చాలామంది 11 నెలలకే రాస్తారు. కిరాయి, అడ్వాన్స్, ఖాళీ చేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, పోయేటప్పుడు రంగులకు ఎంత పట్టుకుంటారు, అన్నీ అందులో ఉండాలి. రంగుల సంగతి నేను రాయించుకోలేదు. సుబేదారిలో ఆరేండ్లున్న ఇల్లు ఖాళీ చేస్తుంటే రెండు నెలల కిరాయి పట్టుకున్నారు. మేం దిగిన నాటికే ఆ గోడలు పెచ్చులూడి ఉన్నాయి, కానీ చూపించడానికి నా దగ్గర ఒక్క ఫొటో లేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. నువ్వు సామాను దించకముందే ప్రతి గది, నల్లాలు, స్విచ్‌బోర్డులు, కరెంటు మీటర్ రీడింగ్ వీడియో తీసి ఓనర్‌కు వాట్సాప్‌లో పంపు. సబ్‌మీటర్, అంటే నీ పోర్షన్ కరెంటు లెక్కకు ఓనర్ వేరుగా పెట్టించిన మీటర్, ఉంటే యూనిట్‌కు ఎంతో అప్పుడే తేల్చుకో. కిరాయి చేతికిస్తే రసీదు అడుగు, మొహమాటపడకు.

స్లాబు కారితే వెంటనే మెసేజ్ పెట్టు. ఓనర్ చేయించాల్సిన రిపేరును, చెప్పినా తగిన సమయంలో చేయించకపోతే, నువ్వే చేయించి కిరాయిలో పట్టుకోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెప్తుంది. అగ్రిమెంట్‌లో వేరే మాట ఉంటే అదే నడుస్తుంది, అందుకే సంతకానికి ముందు మొత్తం చదువు. నెలనెలా కిరాయికి ఉన్నవాళ్లను ఖాళీ చేయమనాలంటే 15 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. నువ్వు ఖాళీ చేయాలన్నా అంతే.

ఇల్లు తీసుకున్నప్పుడు ఎట్లుందో అట్లనే అప్పగించే బాధ్యత కూడా ఆ చట్టమే నీ మీద పెట్టింది. వాడకంలో వచ్చే అరుగుదల నీ తప్పు కాదు. కానీ ఓనర్‌ను అడగకుండా గోడ కొట్టించకు, కొత్తగా ఏదీ కట్టించకు. కిరాయి మాత్రం చెప్పిన తారీఖు దాటనీయకు బిడ్డా, నెలనెలా దానితోనే ఇల్లు గడిచే ఓనర్లూ ఉంటారు.

శనివారం కరీంనగర్ నుంచి పొద్దుటి బస్సుకు వస్తాను. ఇద్దరం కలిసి ఇల్లు చూద్దాం, అప్పటిదాకా పైసా ఇవ్వకు.

మీ పెద్దబాపు