ఎల్గార్ కన్చెర్టో వాయించబోతున్న మా చిట్టికి

చిట్టీ,

మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేశాడు. "మార్చిలో యూనివర్సిటీ ఆర్కెస్ట్రాతో సోలో వాయిస్తుందట, ఎవరో ఎల్గార్ అట, కష్టమా అక్కా?" అన్నాడు. ఎల్గార్ అంటే ఇంగ్లండ్ స్వరకర్త అనీ, కన్చెర్టో అంటే ఆర్కెస్ట్రా తోడుగా ఒక్క వాద్యం ముందుండి పలికే పెద్ద రచన అనీ, ఇందులో ఆ వాద్యం వయొలిన్‌కి పెద్దక్కలాంటి మన చెల్లో అనీ వాడికి చెప్పాను. ఫోన్ పెట్టేశాక సంతోషంతో, టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. అర్ధరాత్రి లేచి చెల్లో తీసి మొదటి నాలుగు కార్డ్‌లూ, అదే కొన్ని స్వరాలు ఒకేసారి మోగే ఆ నాలుగు పలుకులూ, వాయించాను. వేళ్లు బిగుసుకుపోయాయి కానీ ఒళ్లు మాత్రం అప్పటిలాగే జలదరించింది.

మామూలు సంగతులు నీకు తెలుసు. కొత్త తీగలు కచేరీకి ముందురోజు వేయకు, మూడు వారాల ముందే వెయ్యి. రోజూ తాళం కొట్టే మెట్రోనోమ్‌తో నెమ్మదిగా వాయించు. అన్నం మానకు.

ఇది మొదటి ప్రపంచ యుద్ధం పుట్టించిన సంగీతమని నీకు అందరూ చెబుతారు. నిజమే, కానీ అది విని మొదటి బార్ నుంచే, అంటే మొదటి తాళం ఆవర్తనం నుంచే, ఏడుపు పెట్టకు. యుద్ధం చివరి రోజుల్లో ఎల్గార్ దక్షిణ ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో బ్రింక్‌వెల్స్ అనే చిన్న ఇంట్లో ఉండేవాడు, రాత్రిళ్లు సముద్రం అవతల ఫ్రాన్స్‌లో పేలే ఫిరంగులు అక్కడికి వినిపించేవి. 1918 మార్చిలో టాన్సిల్స్ ఆపరేషన్ అయి, నొప్పి తగ్గకముందే కాగితం మీద రాసుకున్న పాటే ఇందులో మొదటి రాగం. 1919లో మిగతాదంతా పూర్తిచేసేనాటికి ఫిరంగులు ఆగిపోయాయి. అందుకే ఇందులో పోరాటం వినపడదు, అంతా అయిపోయాక ఇంట్లో మిగిలిన నిశ్శబ్దం వినపడుతుంది. ఆ రాగాన్ని మొదట వయోలాలు, వయొలిన్ కంటే కాస్త పెద్దవి, వెనక ఏ తోడూ లేకుండా పలుకుతాయి. అప్పుడు నీ తర్వాతి వరస గురించి ఆలోచించకు, వాళ్లని విను. వాళ్లు ఆపిన గొంతుతోనే నువ్వు మొదలుపెట్టాలి.

ఇక అసలు సంగతి. నేను ఇదే కన్చెర్టోని నలభై ఏళ్ల వయసులో మా ఊరి ఆర్కెస్ట్రాతో వాయించాను, నీకెప్పుడూ చెప్పలేదు. నాది విజయవాడలో వయొలిన్ నేర్చుకున్న చెవి కదా, కచేరీలో మృదంగం ఆయన మన మొహం చూసి పట్టేసుకుంటాడు, ఇక్కడా అంతే అనుకున్నాను. కానీ ఇక్కడ అరవై మంది కండక్టర్‌ని చూస్తారు, ఆయన నిన్ను చూస్తాడు, నీ మనసులో మాట వెనక వరసదాకా చేరాలంటే ముందే కలిసి వాయించి ఉండాలి. చివరి రిహార్సల్‌లో కండక్టర్ టైమంతా అదే కచేరీలో ఉన్న సింఫనీకే పెట్టేశారు. అరగంట సంగీతానికి ఇరవై నిమిషాలు మిగిలాయి. "సరిపోతుందా?" అని అడిగితే "పర్లేదండీ" అన్నాను. రెండో భాగం అసలు ముట్టుకోనేలేదు. కచేరీలో సరిగ్గా అక్కడే, చెల్లో పరుగు ఆపి, ఒక వాక్యం సాగదీసి, మళ్లీ పరుగందుకునే చోట, నేనొక బార్ ముందు, వాళ్లొక బార్ వెనక. ఎవరిని పట్టుకోవాలో తెలియక ఎంతసేపు కొట్టుకున్నానో. జనం చప్పట్లు కొట్టారు, నేను కారులో కూర్చుని మీ మామయ్య ఎంత పిలిచినా మాట్లాడలేదు. రెండేళ్లు ఆ నోట్స్ బీరువాలోంచి తీయలేదు.

తర్వాత తెలిసింది, దీని మొదటి కచేరీకీ ఇదే జరిగిందని. 1919 అక్టోబర్ 27, లండన్ క్వీన్స్ హాల్. మిగతా కార్యక్రమం నడిపిన ఆల్బర్ట్ కోట్స్ రిహార్సల్ టైము మింగేశాడు, ఎల్గార్, సోలో వాయించే ఫెలిక్స్ సామండ్ ఎదురుచూస్తూ నిలబడ్డారు. అంత కష్టపడి నేర్చుకున్న సామండ్ కోసమే ఎల్గార్ కచేరీ మానుకోలేదు. ఆర్కెస్ట్రా తడబడింది, విమర్శకులు దులిపేశారు. ఆ రాత్రి చెల్లో సెక్షన్‌లో కూర్చున్న పందొమ్మిదేళ్ల జాన్ బార్బిరోలీయే తర్వాత కండక్టరై, 1965లో చెల్లో కళాకారిణి జాక్వెలీన్ డు ప్రేతో దీన్ని రికార్డ్ చేయించాడు. అది విను, కానీ ఆవిడలా వాయించాలని చూడకు.

నీకు మన ఇంటి మొహమాటం వచ్చింది చిట్టీ. చిన్నప్పుడు ఆకలేస్తున్నా ఎవరింట్లోనూ అడిగేదానివి కాదు, గుమ్మం దగ్గర నిలబడి చూసేదానివి. అది తలుచుకుంటేనే నాకు భయం. ఈ వారమే మీ కండక్టర్ దగ్గరికి వెళ్లి, "రెండు పూర్తి రిహార్సల్స్ కావాలి, ఒకటి రెండో భాగం కోసమే" అని అడుగు. ఆయన విసుక్కుంటే విసుక్కోనీ. అడగలేకపోతే నాకు ఫోన్ చెయ్యి, పక్కన కూర్చుని మెయిల్ రాయిస్తాను.

మూడో భాగం అరవై బార్లే, అందులో దాదాపు అంతా నువ్వే. దాని గురించి నేనేమీ చెప్పను. చివర్లో ఆ రాగం మళ్లీ వచ్చినప్పుడు నా వైపు మాత్రం చూడకు, నేను ఏడుస్తూ ఉంటాను.

కచేరీకి ముందురోజే వచ్చేస్తాను. రాత్రికి పప్పుచారు నేను పెడతాను. రిహార్సల్ తేదీలు ఖాయం కాగానే మెసేజ్ పెట్టు.

మీ అత్త