జీతం విడగొడితే భారం తగ్గుతుందా?

ప్రశ్న: భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ కర్మాగారంలో సిబ్బంది వ్యవహారాలు చూస్తున్నాను. సొంత ఉద్యోగులు, మేస్త్రీల (కూలీలను తెచ్చే కాంట్రాక్టర్ల) ద్వారా రొయ్యల పొట్టు తీసే పీలింగ్ షెడ్డుకు వచ్చే ఆడవాళ్ళు కలిపి 600 మంది ఉంటారు. కొత్త కార్మిక చట్టాలతో పీఎఫ్ (భవిష్య నిధి), గ్రాట్యుటీ (సర్వీసును బట్టి ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే సొమ్ము) భారం పెరుగుతుంది కనుక జీతాన్ని అలవెన్సులుగా విడగొట్టి, మరికొందరిని కాంట్రాక్టులోకి మార్చాలని యాజమాన్యం అంటోంది. వారికి ఏమని చెప్పాలి?
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ముందు లెక్క వేసి చూపించండి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం, ఇంటి అద్దె, రాకపోకల వంటి అలవెన్సులు మొత్తం చెల్లింపులో 50 శాతాన్ని మించితే, మించినంత మేర తిరిగి వేతనంలోనే కలుస్తుంది. ఒకరికి నెలకు 16,000 రూపాయలిస్తూ మూల వేతనం 6,000గా చూపితే, గ్రాట్యుటీని 8,000 మీదే కట్టాలి. పదేళ్ళ సర్వీసుకు 34,615 రూపాయలకు బదులు 46,154 అవుతుంది. ఇక పీఎఫ్ సంగతి చూస్తే, అందరికీ ఒకే తీరున ఇచ్చే అలవెన్సులు మూల వేతనంలో భాగమేనని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలోనే తేల్చింది. అంటే విడగొట్టే దారి ఈ కోడ్ రాకముందే చాలావరకు మూసుకుపోయింది.

కాంట్రాక్టు మాట ఇంకా బలహీనమైనది. మేస్త్రీ జమ చేయని పీఎఫ్, ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) సొమ్ముకు చివరికి అసలు యజమానే, అంటే మీ సంస్థే, బాధ్యత వహించాలి. ఆ తరువాత మేస్త్రీ బిల్లులో మినహాయించుకోవడం మీ తిప్పలు. ఒక పీలింగ్ షెడ్డులో ఏడేళ్ళుగా పనిచేస్తున్న ఒకామె కాగితాలు నేను స్వయంగా చూశాను: షెడ్డు ఒక్కటే, మేస్త్రీలు ముగ్గురు, యూఏఎన్ (పీఎఫ్ గుర్తింపు) నంబర్లు మూడు, వాటిలో ఒకదానిలో ఇంటిపేరు ఆధార్‌తో కలవదు. రోజంతా ఐసు నీళ్ళలో నాని అరిగిన వేళ్ళను వేలిముద్ర యంత్రం కూడా గుర్తించలేదు. ఆమె సొమ్ము ఎవరూ కాజేయలేదు కానీ, ఆమె చేతికీ రాలేదు.

2025 ఆగస్టులో మన ఎగుమతుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరిన దెబ్బ తెలిసినవాడిగా, మీ యాజమాన్యం బెంగను నేను తేలికగా తీసుకోను. అభ్యంతరాలుంటే, నిబంధనల ముసాయిదా వెలువడినప్పుడు ఎగుమతిదారుల సంఘం ద్వారా, గడువులోగా, మీ అంకెలతో సహా ప్రభుత్వానికి రాయించండి; పెద్ద సంస్థల మాటకు అక్కడ విలువ ఉంటుంది. అంతవరకు అమలు మాత్రం ఆపకండి. నెల వేతనం 21,000 దాటని వారికి ఈఎస్ఐలో యజమాని చందా 3.25 శాతమే. అది సక్రమంగా కడితే, అర్హులైన వారికి 26 వారాల ప్రసూతి భృతిని ఈఎస్ఐయే ఇస్తుంది, సంస్థ ఖజానా మీద పడదు.

యజమాని వాటాను కార్మికుల జీతంలోంచి కోయకూడదన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. అయితే పీఎఫ్ లెక్కకు వేతనం పెరిగినప్పుడు వారి సొంత 12 శాతం కూడా పెరిగి చేతికొచ్చే జీతం కాస్త తగ్గుతుంది కనుక, ఆ మాటను జీతాల రోజుకు ముందే షెడ్డులో చదివి వినిపించండి. ఈ నెల మేస్త్రీలు పీఎఫ్, ఈఎస్ఐ కట్టిన చలాన్లు తెప్పించి, గేటు రిజిస్టరులోని పేర్లతో ఒక్కొక్కటిగా సరిచూడండి. ఎంతమంది పేర్లు చలాన్లలో లేవో తేలాకే యాజమాన్యంతో మాట్లాడండి.