నాన్నగారి రికార్డ్ ప్లేయర్: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

ప్రశ్న: రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా పనిచేస్తున్నాను. జీతం 46,000. వేసవి సెలవుల్లో సగమే ఇస్తారు. నెల ఖర్చు 38,000 దాకా అవుతుంది. నాన్నగారు కువైట్‌లో ఉన్నప్పుడు కొనుక్కున్న పయొనీర్ పీఎల్-12డీ రికార్డ్ ప్లేయర్ ఇప్పుడు నా దగ్గరకు వచ్చింది. దానితోపాటు ఘంటసాల, బాలమురళీకృష్ణ, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గార్ల ఎల్పీలు ఎనభై దాకా, తాతగారి 78 రికార్డులు (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) కొన్ని ఉన్నాయి. ఆయన ఆంప్లిఫయర్ ఎప్పుడో పాడైపోయింది. ప్లేయర్‌ని మా హోమ్ థియేటర్ ఆక్స్‌కి (బయటి పరికరాల్ని కలిపే సాకెట్‌కి) కలిపితే శబ్దం సన్నగా, ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వినిపిస్తోంది. పాట కూడా సాగుతోంది. ఒక షాపులో అడిగితే ‘దీని పని అయిపోయింది, కొత్తది తీసుకోండి’ అన్నారు. ధర 38,000, పన్నెండు నెలల నో కాస్ట్ ఈఎంఐ. రొక్కం కడితే 35,500. పాతదాన్ని 4,000కు తీసుకుంటారట. మా ఊళ్లో మెకానిక్ సర్వీసుకు 2,500, బెల్టుకు 700 అడిగాడు. కొత్త కార్ట్రిడ్జ్‌కి (నీడిల్ బిగించి ఉండే చిన్న భాగం) 6,000, ప్రీ-ఆంప్‌కి (సిగ్నల్‌ని పెంచే పరికరం) 4,000 అవుతుందని వేరే చోట చెప్పారు. ఆర్డీ డబ్బు 22,000 ఈ మధ్యే చేతికొచ్చింది. 1,20,000 ఎఫ్‌డీలో ఉంది. పాతదాని మీద ఇంత డబ్బు పోయడం ఎందుకని మా ఆవిడ అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: కొత్తది కొనకండి. పాతదాన్నే బాగు చేయించండి. అయితే డబ్బంతా ఒకేసారి పెట్టకుండా రెండు విడతలుగా పెట్టండి.

మీరు చెప్పిన రెండు లక్షణాల్నీ షాపువాళ్లు ముసలితనం కింద జమకట్టేశారు. శబ్దం సన్నగా రావడానికీ ప్లేయర్ వయసుకూ సంబంధం లేదు. రికార్డు చెక్కేటప్పుడు బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి చెక్కుతారు. బేస్‌ని ఉన్నదున్నట్టు చెక్కితే గాడి మరీ వెడల్పై, ఎల్పీలో పాటలు పట్టవు. వినేటప్పుడు దాన్ని తిరగేసి సరిచేసే పని ఫోనో ప్రీ-ఆంప్‌ది. 1950ల నడుమ నుంచి దీనికి ఆర్ఐఏఏ అనే ఒకే కొలత వాడుతున్నారు. పైగా కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే సిగ్నల్ నాలుగైదు మిల్లీవోల్టులే. ఆక్స్‌కి అంతకు వంద రెట్ల దాకా కావాలి. మీ నాన్నగారి ఆంప్లిఫయర్ ఈ పనంతా లోపలే చేసేది కాబట్టి అప్పట్లో మీకు ఈ తేడా తెలియలేదు. అదే తీరులో కలిపితే, సొంత ప్రీ-ఆంప్ లేని కొత్త ప్లేయర్‌కైనా శబ్దం ఇంతే సన్నగా వస్తుంది.

ఇక పాట సాగడమంటారా, దానికి చాలావరకు కారణం బెల్టే. ఇన్నేళ్లకు రబ్బరు వదులైపోతుంది. ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. ప్లాటర్ (రికార్డు పెట్టే గుండ్రటి పళ్లెం) అంచున చిన్న కాగితం ముక్క అంటించి, 33 స్పీడులో పెట్టి, ఫోన్‌లో టైమర్ ఆన్ చేసి చుట్లు లెక్కపెట్టండి. మూడు నిమిషాలకు సరిగ్గా నూరు చుట్లు తిరగాలి. తొంభై ఆరో, తొంభై ఏడో వస్తే పాట సాగుతున్నట్టు చెవికి ఇట్టే తెలిసిపోతుంది. ఆ తర్వాత బెల్టు తీసేసి ప్లాటర్‌ని చేత్తో తిప్పి వదలండి. చప్పుడు లేకుండా తిరిగి తిరిగి మెల్లగా ఆగితే బేరింగ్ (ప్లాటర్ ఇరుసు తిరిగే చోటు) బాగున్నట్టు. గరగరలాడినా, అటూ ఇటూ ఊగినా అసలు సమస్య అక్కడే ఉంది. టోన్ ఆర్మ్‌ని (కార్ట్రిడ్జ్‌ని మోసే కడ్డీని) కూడా రెండు వేళ్లతో పట్టుకుని నెమ్మదిగా కదిపి చూడండి. లోపల లొటలొట ఉండకూడదు.

కువైట్ నుంచి రావడం మీ అదృష్టం. అక్కడి కరెంటు కూడా మనలాగే 50 హెర్ట్జ్, వోల్టేజీ కూడా దాదాపు ఇంతే. ఈ రకం మోటారు స్పీడు ఆ హెర్ట్జ్ మీదే ఆధారపడుతుంది. అమెరికా నుంచి బంధువులు పాత ప్లేయర్లు సూట్‌కేసులో పెట్టి తెస్తామంటే సరేననేవాళ్లు ఉన్నారు, వాళ్ల కోసం చెబుతున్నాను: అక్కడ 60 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్‌తో వోల్టేజీ సర్దుకున్నా, ఏసీ సింక్రనస్ మోటారున్న బెల్ట్ ప్లేయర్ ఇక్కడ ఉండాల్సిన స్పీడులో ఆరింట ఐదు వంతులతోనే తిరుగుతుంది. పుల్లీ (మోటారుకు ఉండే, బెల్టును తిప్పే చిన్న చక్రం) కూడా మార్చాల్సిందే.

మొదటి విడత 3,200. సర్వీసు, బెల్టు, అంతే. స్విచ్ దగ్గర పాత కెపాసిటర్ ఉంటే అదీ చూడమనండి. బేరింగ్‌కి పలచటి మెషిన్ ఆయిల్ ఒకటి రెండు చుక్కలు చాలు. కొబ్బరినూనె మాత్రం పోయనివ్వకండి, చలికాలంలో గడ్డకడుతుంది. పని అయ్యాక మెకానిక్ ముందే నూరు చుట్ల పరీక్ష చేయించండి. రికార్డు పెట్టి వినిపిస్తానంటే వద్దనండి. ఇప్పుడున్న నీడిల్ ఎన్ని గంటలు ఆడిందో ఎవరికీ తెలియదు. అరిగిన ముల్లు గాడిని కోసేస్తుంది, ఆ నష్టాన్ని ఏ మెకానిక్కూ పూడ్చలేడు. ఆ ఎల్పీలు కొన్ని మళ్లీ దొరకవు.

పరీక్షలో నెగ్గితేనే రెండో విడత 10,000 తీయండి. కార్ట్రిడ్జ్, ప్రీ-ఆంప్ ఈ విడతలో. మెకానిక్ కూలి ఈ ప్లేయర్‌తోనే పోతుంది. ఈ రెండూ మాత్రం మీతో వస్తాయి. నాలుగేళ్ల తర్వాత మోటారు మొండికేసి వేరే ప్లేయర్ కొన్నా, వీటిని దానికి బిగించుకోవచ్చు. ఆడియో-టెక్నికా వీఎం95ఈ లాంటి కార్ట్రిడ్జ్‌లైతే ఇంకో సౌకర్యం ఉంది. నీడిల్ ఒక్కటే లాగి మార్చుకోవచ్చు. డబ్బు చేతిలో ఆడినప్పుడు అదే కార్ట్రిడ్జ్‌కి ఇంకా మెరుగైన నీడిల్ పెట్టుకోవచ్చు. దానికి నీడిల్ రికార్డు మీద మోపే బరువు 2 గ్రాముల దగ్గర ఉండేలా ఆర్మ్‌ని సర్దాలి. కంటి అంచనాతో వద్దు, చిన్న గేజ్ దొరుకుతుంది.

రెండు విడతలూ కలిపి 13,200. మీ 22,000లో ఇంకా 8,800 మిగులుతుంది. అందులోంచి నీడిల్ ఖర్చు పక్కన పెట్టండి. ఇలాంటి ఎలిప్టికల్ (కొస కోలగా ఉండే) నీడిల్ 300 గంటల దాకా పనిచేస్తుంది. ఎల్పీ రెండు వైపులూ కలిపి ముప్పావుగంట లోపే. వారానికి మూడు ఎల్పీలు వింటే రెండు గంటలు, అంటే మూడేళ్లకు ఒకసారి మార్చాలి. షాపులో నీడిల్ ఒక్కదాని ధర అడగండి. 3,600 అన్నారనుకుంటే నెలకు వంద రూపాయలు. పాటలు వినడానికి మీకయ్యే నెలసరి ఖర్చు దాదాపు అంతే, మీ ఆవిడకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. ఆమె సందేహం న్యాయమైనదే. పాతదానికి ఖర్చు పెడుతూ పోతే ఎక్కడ ఆగుతుందో తెలియదని ఆమె భయం. 15,000 దాటితే ఆపేస్తానని ముందే ఇద్దరూ కలిసి అనుకోండి.

ఎఫ్‌డీ జోలికి మాత్రం వెళ్లకండి. మీ ఖర్చుకు 1,20,000 అంటే మూడు నెలలకు కాస్త ఎక్కువ. వేసవిలో సగం జీతం వచ్చే ఇంటికి అది తక్కువే. నీడిల్ డబ్బు తీశాక మిగిలే ఐదు వేల చిల్లర అక్కడే వేయండి.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. రొక్కానికి 35,500 అని షాపువాళ్లే చెప్పారు కదా, అసలు ధర అది. నెలకు 3,167 చొప్పున పన్నెండు నెలలు కడితే 38,004. ఆ 2,500 పైచిలుకు వడ్డీయే. తీర్చాల్సిన అప్పు నెలనెలా తగ్గుతూ వస్తుంది కాబట్టి ఏడాదికి లెక్కేస్తే 12, 13 శాతం మధ్య పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ అదనం. క్రెడిట్ కార్డు మీద తీసుకుని వేసవిలో ఒక్క బిల్లు తప్పితే వడ్డీ చాలా కార్డుల్లో నెలకే మూడున్నర శాతం దాటుతుంది. 4,000 ఎక్స్‌చేంజ్ సంగతి అసలు మరిచిపోండి. పనికిరాదన్న దాన్ని డబ్బిచ్చి ఎందుకు తీసుకుంటున్నారో ఆలోచించండి. అలాగని ఇది పెట్టుబడీ కాదు. వింటేజ్ కదా, ధర పెరుగుతుందని ఎవరన్నా లెక్కలోకి తీసుకోకండి.

మొదటి విడతలోనే బేరింగో, ఆర్మో, మోటారో పోయిందని తేలితే అక్కడితో ఆపండి. ఇవి ఖర్చుకు అంతుండని రిపేర్లు. బెల్టు కొనకముందే తేలితే మీకు పోయేది 2,500, చేతిలో 19,500 ఉంటుంది. నెలకు 2,000 ఆర్డీ కడితే ఎనిమిది నెలల్లో 35,500 రొక్కం సిద్ధం. తొందరపడి ఏడెనిమిది వేలకు వచ్చే సూట్‌కేస్ ప్లేయర్ మాత్రం కొనకండి. వాటిలో చాలావాటికి సిరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది, గాడి మీద బరువు బాగా ఎక్కువ మోపుతుంది. నాన్నగారి రికార్డుల మీద అది పెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు.

తాతగారి 78 రికార్డులు ఇప్పటికి పెట్టెలోనే ఉంచండి. పీఎల్-12డీలో ఆ స్పీడు లేదు. వాటి గాడి ఎల్పీ గాడి కంటే చాలా వెడల్పు కాబట్టి వేరే నీడిల్ కావాలి. అవి పడుకోబెట్టి దొంతరగా ఉంటే మాత్రం ఈ రోజే నిలువుగా సర్దండి.

మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లేటప్పుడు ఆటోలో ఒళ్లో పెట్టుకుని వెళ్లిపోకండి. ప్లాటర్ విడదీసి తువ్వాల్లో చుట్టండి, ఆర్మ్ వెనకాల కౌంటర్ వెయిట్ తీసి జేబులో వేసుకోండి, ఆర్మ్‌ని దాని స్టాండుకు మెత్తటి దారంతో కట్టండి. హెడ్‌షెల్ (ఆర్మ్ కొసన కార్ట్రిడ్జ్ ఉండే భాగం) మర తిప్పితే ఊడి వస్తుంది, అది ఇంట్లోనే ఉంచండి. బిల్లు మీద ఏమేం మార్చాడో, ఏ తేదీన చేశాడో రాయించుకోండి. మూడు నెలల్లోపు మళ్లీ సాగితే ఉచితంగా చూస్తానని కూడా అందులోనే రాయమనండి.