ఆ ఎర్ర దారం అవతల ఎవరు?

ప్రశ్న: ఆన్‌లైన్లో ఒక పెయింటింగ్ చూశాను. ఒకమ్మాయి కిటికీ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని బయటికి చూస్తోంది, వెనకాల తెర చాటు నుంచి ఇంకొకావిడ తొంగి చూస్తోంది. పేరు ‘ఫెయిర్ రోజమండ్’ అని ఉంది. ఎవరు వీళ్లు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అది ఇంగ్లిష్ చిత్రకారుడు వాటర్‌హౌస్ 1916లో వేసిన బొమ్మ. రోజమండ్ క్లిఫర్డ్ 12వ శతాబ్దంలో ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీకి ప్రియురాలు, తొంగి చూసేది రాణి ఎలియనార్. కథేమిటంటే, రాజు ఈమెని ఆక్స్‌ఫర్డ్ దగ్గర వుడ్‌స్టాక్‌లో, కొత్తవాళ్లు వెళ్తే దారి తప్పిపోయే మలుపుల మధ్య ఒక ఇంట్లో దాచాడట, లోపలికి రావడానికి దారం ఒక్కటే ఆనవాలు, రాణి ఆ దారం పట్టుకునే వచ్చేసి ‘కత్తా, విషమా, నువ్వే తేల్చుకో’ అందట. సవతి పోరు సంగతి మనకి ఒకళ్లు చెప్పాలా!

ఈ కథని బొమ్మగా వేసిన చిత్రకారులు ఇంకా ఉన్నారు, వాళ్ల బొమ్మల్లో నేను ముందు వెతికేది ఆ దారమే. రోసెట్టి 1861లో వేసిన దాంట్లో అసలు రాణే లేదు. జుట్టులో గులాబీ పెట్టుకున్న రోజమండ్ ఎర్ర దారం పట్టుకుని కాచుకుని ఉంటుంది, అది కదిలితే రాజు వస్తున్నట్టు. అవతలి కొస ఎవరి చేతిలో పడబోతోందో కథ తెలిసిన మనకి తెలుసు, ఆవిడకి తెలీదు, అందుకే నాకు అన్నిట్లోకీ అదే ఇష్టం. (బొమ్మకి కూర్చున్న ఫానీ కార్న్‌ఫోర్త్ రోసెట్టికి ప్రియురాలే లెండి.) ఎవలిన్ డి మోర్గాన్ మాత్రం ఏమీ దాచలేదు, విషం సీసాతో ఎలియనార్‌ని నేరుగా గదిలోకి తెచ్చి నిలబెట్టింది. నాకది కాస్త ఎక్కువైందనిపిస్తుంది. గమనించారా, ఈ మూడింట్లోనూ హెన్రీ లేడు!

నిజానికి పాపం ఆ రాణి ఎవరినీ చంపలేదు. 1173లో కొడుకులు తండ్రి మీద తిరగబడితే ఎలియనార్ కొడుకుల పక్షం పట్టింది, దాంతో హెన్రీ ఆమెని నిర్బంధంలో పెట్టాడు, 1189లో అతను పోయాక గానీ విడిచిపెట్టలేదు. రోజమండ్ చనిపోయింది 1176 ప్రాంతంలో. కాపలాలో ఉన్న మనిషి దారం పట్టుకుని ఎక్కడికి వెళ్తుంది చెప్పండి? కత్తీ విషం తర్వాతి కాలంలో జనం కథలోకి చేర్చినవి.

రోజమండ్‌ని గాడ్‌స్టోలో సన్యాసినుల మఠం చర్చిలో పూడ్చారు. 1191లో అక్కడికి వచ్చిన బిషప్ హ్యూ, సమాధి దగ్గర వెలుగుతున్న దీపాలు చూసి ఇది ఎవరిదని అడిగి, పేరు తెలియగానే ఆ సమాధిని చర్చి బయటికి తీసేయించాడు.