నలుగురు ఫ్రెండ్స్, బ్యాంకాక్‌లో ఐదు రోజులు: ఎక్కడ దిగాలి, గొడవ పడకుండా ఎలా తిరగాలి?

బ్యాక్‌ప్యాకర్లు ఎక్కువగా దిగే ఖావో శాన్ రోడ్‌లో దిగితే మంచిదా, నలుగురి మధ్య డబ్బుల గొడవ రాకుండా ఏం చెయ్యాలి అని అడిగారు. మేమూ నలుగురమే వెళ్లాం. రెండో రోజుకే ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు, కాబట్టి ఈ విషయంలో నాలుగు ముక్కలు చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నా.

ఖావో శాన్ ఒక సాయంత్రం తిరగడానికి బాగుంటుంది, పడుకోవడానికి కాదు. మా హాస్టల్ సరిగ్గా రోడ్డు మీదే. డార్మ్‌లో పై బంకు నాది, కింద బార్‌లో పాట మొదలైతే ఆ దడదడ ఇనప మంచంలోంచి నేరుగా వీపుకి తగిలేది. మూడో రోజు పొద్దున్నే రాంబుత్రి వీధి వైపు మారిపోయాం, నది కూడా దగ్గరైంది. ఆ ప్రాంతంలో స్కైట్రైన్ (పైన వంతెన మీద నడిచే సిటీ రైలు) లేదు, మెట్రో ఎక్కాలన్నా ఎండలో చాలా దూరం నడవాలి, కాబట్టి పడవే దిక్కు. ఫ్రా ఆథిత్ రేవులో ఆరెంజ్ జెండా ఉన్న పడవ ఎక్కండి. మేం వెళ్లినప్పుడు ఎంత దూరమైనా 16 బాట్లే (బాట్ అంటే థాయి కరెన్సీ). వాట్ అరుణ్ గుడి దారిలోనే వస్తుంది, సాథోర్న్ రేవులో దిగితే పక్కనే స్కైట్రైన్ స్టేషన్. కండక్టరమ్మ చేతిలో పొడుగాటి రేకు డబ్బా ఉంటుంది, అందులోనే చిల్లర, అందులోనే టికెట్లు, దాన్ని టకటకలాడించుకుంటూ వస్తుంది.

సెన్ సెప్ కాలవ పడవ కూడా ఒకసారి ఎక్కండి. నీళ్లు కంపు కొడతాయి, ఎదురు పడవ వస్తే చిమ్ముతాయి కూడా, అందుకే పక్కన కూర్చున్నవాళ్లే తాడు లాగి టార్పాలిన్ పైకెత్తుతారు. మావాడు ఫొటోలు తీస్తూ తాడు సంగతి మర్చిపోయాడు, వెనకాల పెద్దావిడ తిట్టిన తిట్టు థాయిలో ఉన్నా మాకు బాగానే అర్థమైంది.

ఇక మా గొడవ. గ్రాండ్ ప్యాలెస్ దగ్గర్లో ఒకాయన చాలా మర్యాదగా "ఈ రోజు పూజ ఉంది, మధ్యాహ్నం దాకా మూసేశారు, ఈలోగా టుక్‌టుక్‌లో (అక్కడి ఆటో) చవగ్గా గుళ్లు చూపిస్తారు" అన్నాడు. ఒకడు వద్దన్నాడు, ఇంకొకడు ఎక్కేశాడు, అందరం ఎక్కాం. ఒక గుడి, ఆ తర్వాత రత్నాల షాపు, ఆ తర్వాత సూట్లు కుట్టే షాపు. తిరిగొచ్చేసరికి ప్యాలెస్ టికెట్ల టైము అయిపోయింది, అది మధ్యాహ్నం 3:30కే ఆపేస్తారు. మూసేశారని ఎవరు చెప్పినా గేటు దాకా వెళ్లి చూసుకోండి. నిక్కర్లతో లోపలికి పంపరు, టికెట్ 500 బాట్లు. అయినా లోపల వాట్ ఫ్రా కేవ్ గుడి చుట్టూ గోడల మీద రామకియెన్ బొమ్మలు మాత్రం వదలొద్దు. అది వాళ్ల రామాయణం, అందులో హనుమంతుడు రావణుడి కూతురైన బంగారు మత్స్యకన్యని ప్రేమిస్తాడు. మళ్లీ వెళ్లి లోపల చూసినప్పుడు దాని మీద మేం అక్కడే అరగంట వాదించుకున్నాం.

డబ్బులకి మేం చేసింది ఇదీ: తలా రెండు వేల బాట్లు ఒక జిప్ పర్సులో వేసి, రోజుకొకరు మొయ్యాలి. పడవలు, టాక్సీ, కలిసి తినేది అందులోంచే. బీరు, షాపింగ్ ఎవరిది వాళ్లదే, ఈ ఒక్క రూలు మాత్రం ముందే మాట్లాడుకోండి. ఏటీఎంలో విదేశీ కార్డుకి మాకు ప్రతిసారీ 220 బాట్లు కోశారు, అందుకని ఒకరి కార్డుతో ఒకేసారి పెద్ద మొత్తం తీసి పంచుకోవడం నయం. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగింటి దాకా ఎవరి దారి వాళ్లది. మాలో ఒకడు మాల్ ఏసీలో నిద్రపోయేవాడు, ఏం తప్పులేదు.

చివరి రోజు పర్సు దులిపితే 64 బాట్లు రాలాయి, సరిగ్గా నాలుగు పడవ టికెట్లు. సాథోర్న్ దాకా పోయాం, తిరుగు టికెట్లు మాత్రం ఎవరివి వాళ్లే కొనుక్కున్నాం.