ఆశ్రమం కోర్సా, ఎమ్మెస్సీనా?

ప్రశ్న: మా పాప తిరుపతిలో బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) గ్రూపుతో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతోంది. ఆదివారం వస్తే స్నేహితులతో కలిసి అలిపిరి మెట్ల దారిలో చెత్త ఏరడానికి పోతుంది. ధ్యానం కూడా అలవాటైంది. ఇప్పుడేమో పీజీ వద్దు, ఒక ఆశ్రమం వాళ్ళు పెట్టిన 'ఆధ్యాత్మికత, సస్టైనబిలిటీ' అనే ఏడాది కోర్సులో చేరతానంటోంది. అక్కడే ఉండి చదవాలి, ఫీజు లక్షన్నర. మా ఆయన ఎంసీఏ చేయిద్దామంటున్నారు. మా ఆడబిడ్డ కొడుకు అలాగే చదివి బెంగళూరులో నెలకు 82,500 తెచ్చుకుంటున్నాడు. ఆ ఆశ్రమం కోర్సుకూ, ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్‌కూ తేడా ఏంటి? దేనికి భవిష్యత్తు ఉంది?
– ఒక తల్లి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అమ్మా, మీరు అడిగింది కోర్సుల గురించే కానీ, మీకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. పిల్ల ఎక్కడ సన్యాసుల్లో కలిసిపోతుందో, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏం చెప్పుకోవాలో అని. ఈ ఊళ్ళో ఇదే టెన్షన్‌తో వచ్చే అమ్మానాన్నలను నేను చాలామందిని చూశాను. ఏడాదికోసారి కాలినడకన కొండెక్కుతారు, మొక్కులు తీర్చుకుంటారు, శనివారం ఉపవాసం ఉంటారు. అదే భక్తి పిల్లల చదువు దాకా వస్తే మాత్రం గుండెల్లో రాయి పడుతుంది.

మీరు స్థిమితపడండి. సంసారం మీద విరక్తి పుట్టినవాళ్ళు ఆదివారం పొద్దున్నే గ్లవ్స్ తొడుక్కుని పొదల్లోంచి గుట్కా కవర్లు లాగరు. మీ పాపకు ఈ ఊరు బాగుండాలన్న పట్టుదల ఉంది, దానికి ధ్యానం తోడైంది. అందులో భయపడాల్సిందేమీ లేదు.

జి.డి. అగర్వాల్ అని ఐఐటీ కాన్పూర్‌లో ప్రొఫెసర్ ఉండేవారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలికి మొట్టమొదటి సభ్య కార్యదర్శి ఆయనే. గంగ కోసం పోరాడుతూ, 2018లో 111 రోజుల దీక్ష తర్వాత కన్నుమూశారు. ఆయన ముగింపు చెప్పి మిమ్మల్ని భయపెట్టడం నా ఉద్దేశం కాదు, ఆ జీవితంలో ఏ పని ముందు జరిగిందో చూడమంటున్నాను. ఆయన కాషాయం కట్టింది 2011లో, ఎనభైకి దగ్గర పడ్డాక. అంతకు ముందు చేసిందెక్కువ ఇంజనీరింగే. మీ పాపకు చెప్పాల్సింది కూడా ఈ వరుస గురించే.

ఇక ఆ కోర్సు సంగతి. నాకు దాని మీద అనుమానాలున్నాయి, దాచుకోను. సస్టైనబిలిటీ, అంటే ప్రకృతి వనరులు రేపటికీ మిగిలేలా వాడుకోవడం, అన్న మాట ఇప్పుడు ఇంత చలామణీలోకి రావడానికి పెద్ద కారణం డబ్బే. స్టాక్ మార్కెట్లో మొదటి వెయ్యి పెద్ద కంపెనీలు ఎంత కరెంటు వాడాయో, ఎన్ని నీళ్ళు తోడాయో, చెత్త ఏం చేశాయో 2022-23 నుంచి ఏటా లెక్క చెప్పాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసింది. ఆ లెక్కలు కట్టే మనుషులు కావాల్సి వచ్చింది. వెంటనే వీధికో సర్టిఫికెట్ కోర్సు పుట్టింది. కొన్నిటికి కార్పొరేట్ రంగు, కొన్నిటికి కాషాయ రంగు. బ్రోషరు తిరగేస్తే కొండ, సూర్యోదయం, కళ్ళు మూసుకున్న అమ్మాయి. నీటి శాంపిల్ ఎలా తీయాలో నేర్పే పేజీ మాత్రం కనపడదు. ఉద్యోగమిచ్చేవాడు ఆ పేజీలో ఉండాల్సిందే అడుగుతాడు. ఈ మురుగునీటి రిపోర్టు చదివి ఫ్యాక్టరీలో తప్పెక్కడుందో చెప్పగలవా, పంచాయతీ వాళ్ళకు అర్థమయ్యేలా తెలుగులో రెండు పేజీలు రాయగలవా అంటాడు. భూమాత మీద నీకెంత ప్రేమ అని ఎవరూ అడగరు.

ఇంకో అనుమానం. సేవ పేరు చెప్పి చదువుకున్న పిల్లల చేత రోజంతా పోస్టర్లు, వీడియోలు, లెక్కలు చేయించుకుని, జీతం మాటెత్తితే 'అహంకారం వదులుకో' అనే చోట్లున్నాయి. అన్నీ అలాంటివే అనను. కానీ అక్కడ ఏడాది గడిపి ఇంటికొచ్చిన పిల్లలు తమకు ఏ పని వచ్చో ఒక్క ముక్కలో చెప్పలేక నా ముందు నీళ్ళు నమలడం చూశాను. చిత్తూరు ఎండల్లో జూన్‌లో మొక్కలు నాటి ఫొటోలు దిగేవాళ్ళకు కొదవలేదు. వచ్చే మే నెలలో ఆ మొక్కకు నీళ్ళెవరు పోస్తారని అడిగితే అందరూ పక్కవాడి వంక చూస్తారు.

అలాగని పర్యావరణం పనిలో భక్తికి చోటు లేదంటే అది అబద్ధం. మన కొండనే చూడండి. 2022 జూన్ నుంచి తిరుమలలో ప్లాస్టిక్ పూర్తిగా నిషేధం. అలిపిరిలో సంచులు తెరిచి వెతుకుతారు, పైన గాజు సీసాలో నీళ్ళు కొని ఖాళీ సీసా తిరిగిస్తే డిపాజిట్ వాపసు వస్తుంది. ఇదే నిబంధన బస్టాండులో పెడితే రోజూ గొడవే. కొండ మీద జనం సణుక్కుంటూనే అయినా పాటిస్తారు. 'స్వామి సన్నిధి' అన్న భావం చేసే సాయం అది. కానీ ఆ భావం ఒక్కటే చాలదు. వెతికే మనిషి, ఇచ్చే సీసా, డిపాజిట్ లెక్క లేకపోతే మర్నాటికే కవర్లు మళ్ళీ వస్తాయి.

పూల సంగతీ అంతే. స్వామికి వాడిన పూలు కాళ్ళ కింద పడకూడదని తిరుమలలో పూలబావిలో వేసే ఆచారం తరతరాలది. టీటీడీ ఆలయాల్లో వాడిన పూలతో అగరుబత్తీలు చేయడం 2021లో మొదలైంది. పూలు తొక్కరాదన్న నియమం భక్తి ఇచ్చింది. దారాలు, ఆకులు తీసేసి, ఎండబెట్టి, పొడి చేసి, పాళ్ళు చూసి ముద్ద కలిపి మెషీన్‌లో పుల్లకు పట్టించడం భక్తి నేర్పదు. తడి ఎక్కువైతే బూజు పడుతుంది, తక్కువైతే పుల్లకు అంటదు.

పంజాబ్‌లో బల్బీర్ సింగ్ సీచేవాల్ అనే సిక్కు సంత్, గురునానక్ జ్ఞానం పొందిన కాలీ బేయీ వాగును బాగు చేయడానికి 2000లో పూనుకున్నారు. 160 కిలోమీటర్ల వాగు, నిండా గుర్రపుడెక్క, ఊళ్ళ మురుగు. జనం పారలు పట్టుకుని వచ్చింది గురునానక్ పేరు మీద. నీళ్ళు తేటపడింది మాత్రం మురుగును పైపుల్లో మళ్ళించి, చెరువుల్లో శుద్ధి చేసి పొలాలకు వదలడం వల్ల. మన స్వర్ణముఖి ఒడ్డునే శ్రీకాళహస్తి గుడి ఉంది. అక్కడికొచ్చే భక్తులకు లోటు లేదు. ఆ నదికి లేనిది పైపులు వేయడం తెలిసిన భక్తుడే.

ఇప్పుడు కాస్త గట్టిగా మాట్లాడతాను, ఏమనుకోకండి. ఉత్తరంలో మీ ఆడబిడ్డ కొడుకు జీతం వందలతో సహా రాశారు. మీ పాపకు ఎన్ని మార్కులొస్తున్నాయో, బోటనీ ఇష్టమో కెమిస్ట్రీ ఇష్టమో ఒక్క ముక్క లేదు. ఎంసీఏ అంటున్నారు సరే, కోడింగ్ చేస్తావా అని మీవారు ఆ పిల్లను ఒక్కసారైనా అడిగారా? మెట్ల దారిలో ఏం చేస్తుందో మీరెప్పుడైనా వెళ్ళి చూశారా? ఇంట్లో ఎవరూ వినకపోతే, వినేవాళ్ళు ఆశ్రమంలో దొరుకుతారు. ఆ కోర్సు మీద సగం మోజు అక్కడి నుంచే వచ్చి ఉంటుందని నా అనుమానం.

ఈ పనికి మన దగ్గర గిరాకీ లేదనీ అనుకోకండి. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైపోయాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళు ఖాళీ చేయించారు. కొండవాగు ఎటు పారుతుందో, ఏ కాలువ పూడిందో చెప్పగలిగేవాళ్ళు అవసరమని ఊరికంతటికీ ఆ వారంలో తెలిసొచ్చింది.

తేడా అడిగారు గనక చెప్తాను. ఎమ్మెస్సీకి ఎస్వీ యూనివర్సిటీ ఊళ్ళోనే ఉంది, ఇంటి నుంచే వెళ్ళిరావచ్చు. ల్యాబ్ అలవాటవుతుంది, డిగ్రీకి గుర్తింపు ఉంటుంది. తర్వాత కాలుష్య నియంత్రణ మండలి అనలిస్ట్ పోస్టులు, ప్రైవేటు టెస్టింగ్ ల్యాబులు, ప్రాజెక్టుల పర్యావరణ నివేదికలు రాసే కన్సల్టెన్సీలు, శ్రీసిటీ వైపు ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఫారెస్ట్ రేంజ్ ఆఫీసరు పరీక్ష బీఎస్సీతోనే రాయొచ్చు, దాని సిలబస్ మీ పాపకు నాకన్నా బాగా తెలిసుంటుంది. రైతులతో తిరగడం ఇష్టమైతే ప్రకృతి వ్యవసాయం నడిపే రైతు సాధికార సంస్థ వైపు చూడమనండి. మొదట్లో జీతం మీ ఆడబిడ్డ కొడుకంత రాదు, అది ముందే ఒప్పుకోండి. ఆశ్రమం కోర్సుకు ఇలాంటి గుర్తింపు ఏమీ లేదు. ధ్యానం ఎమ్మెస్సీతో పాటు సాగుతుంది. సెలవుల్లో పది రోజులు ఆశ్రమంలో ఉండి వస్తానంటే పంపండి, అడ్డు చెప్పకండి.

అయినా పాప ఇప్పుడే చేరతానని పట్టుబడితే, డబ్బు కట్టే ముందు మీరిద్దరూ కలిసి ఒకసారి అక్కడికి వెళ్ళండి. పాఠం చెప్పేది ఎవరు, వాళ్ళు బయట ఏం పని చేశారో కనుక్కోండి. పోయినేడాది చదివినవాళ్ళలో ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకుని వాళ్ళిప్పుడు ఏం చేస్తున్నారో పాప చేతే అడిగించండి. మధ్యలో వచ్చేస్తే ఎంత వాపసిస్తారో కాగితం మీద రాయించుకోండి. ఒరిజినల్ టీసీ, మార్కుల మెమోలు ఇమ్మంటే మాత్రం ఇవ్వకండి, జిరాక్సులు చాలు.